శవం లేచేదాకా

నిమ్‌పురాలో దిగిన రోజు మధ్యాహ్నం, అన్నం తిని అలా నడుం వాల్చానో లేదో, పెరటి గోడ అవతల ఢామ్మని చప్పుడైంది. ముందు ఒక పెద్ద చప్పుడు, దాని వెనకే దూరంగా జరుగుతూ పోయే చిన్న చప్పుళ్ళ వరస. గుండె మీద చెయ్యేసుకుని మంచం మీద లేచి కూర్చున్నాను. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న లక్ష్మి, అంటే మా చిన్నాన్న కొడుకు రాజు భార్య, తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నవ్వింది. "యార్డే వదినా. వ్యాగన్లు తగిలిస్తన్నారు. బయపడకండి," అంది. పక్క మంచం మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటున్న పిన్ని తల కూడా ఎత్తలేదు. "విశాపట్నం పోయి దీని సెవులు పాడైపోనాయి," అంది, నేను ఆ గదిలో లేనట్టు.

నాకు సిగ్గేసింది. అరవై దాటిన మనిషిని. పుట్టింది ఈ బెంగాలీ ఊళ్ళో, ఈ రైల్వే యార్డు పక్కనే, పలక పట్టింది ఈ చప్పుళ్ళ మధ్యనే. పెళ్ళై విశాఖపట్నం వెళ్ళేదాకా నాకు ఇవి చప్పుళ్ళని కూడా తెలీదు. ఇంటికి చుట్టాలొచ్చి "ఈ మోతలో ఎలగ పడుకుంటన్నారర్రా" అంటే, ఏ మోత అని మేం మొహాలు చూసుకునేవాళ్ళం. అలాంటిదాన్ని ఇప్పుడు కొత్త కోడలిలా ఉలిక్కిపడుతున్నాను. "ఒకపాలి రాయే, సూడాలనుంది" అని పిన్ని ఫోన్ చేస్తే వచ్చాను. మా పాత క్వార్టర్‌కి మూడిళ్ళ అవతలే రాజుకి ఇప్పుడు క్వార్టర్ ఇచ్చారు. చిన్నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అమ్మా నాన్నా కూడా లేరు. నా చిన్నప్పటి మనుషుల్లో మిగిలింది పిన్ని ఒక్కతే. ఆ రోజుల్లో పిన్ని ఎలాంటి మనిషో ఇవాళ చెప్పగలిగేదాన్ని కూడా నేనొక్కదాన్నే మిగిలాను. చెప్పగలిగేవాళ్ళలో పిన్ని కూడా లేదని ఈ ప్రయాణంలోనే తెలిసింది.

ఆ ఇంట్లో ఇప్పుడు లేనిది బొగ్గు పొగ వాసన. మా రోజుల్లో ఒక వరసలో ఉన్న క్వార్టర్లని లైన్ అనేవాళ్ళు, ఇప్పటికీ అంటారు. మా లైన్లో ప్రతి ఇంటికీ ఒక బకెట్ పొయ్యి ఉండేది. తుప్పు పట్టిన ఇనప బకెట్‌కి అడుగున కన్నం కొట్టి, లోపల ఎర్రమట్టి మెత్తి, మధ్యలో ఇనప చువ్వలు పరిస్తే అదే పొయ్యి. తెల్లారగానే ఆడవాళ్ళు దాన్ని పిడి పట్టుకుని వీధిలోకి తెచ్చేవాళ్ళు. కింద పిడకలు, మీద బొగ్గు పేర్చి అంటించి, పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆ అరగంటా లైనంతా పొగే. ఆ పొగలో ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడకుండానే కబుర్లన్నీ నడిచేవి. మాది శ్రీకాకుళం వైపు. ఎదురింటి గౌరమ్మత్త వాళ్ళదీ అటే. మా పక్క బీహార్ వాళ్ళు, చివర్న బెంగాలీ దీదీ. ఎవరింట్లో వంట ఎప్పుడు మొదలైందో, ఎవరింట్లో ఆ పూట లేదో, ఎవరూ దాచుకోవడానికి వీల్లేదు. పొయ్యి వీధిలో ఉండాల్సిందే, అందరూ చూడాల్సిందే.

మా మామ్మ ఆ పొయ్యి పక్కనే ముక్కాలి పీట మీద కూర్చునేది. అడ్డచుట్ట కాల్చేది, అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. నిప్పు నోట్లో ఉండగానే కోడళ్ళని తిట్టేది, మనవరాలికి జడ వేసేది, కూరలబ్బాయితో బెంగాలీలో బేరమాడేది. ఆవిడ బెంగాలీ వింటే బెంగాలీ దీదీ కొంగు నోటికడ్డం పెట్టుకునేది. రైల్వే పనికని తాతయ్యతో పాటు ఊరు వదిలి వచ్చినప్పుడు ఊళ్ళోంచి కొన్ని కట్టుబాట్లు మూటగట్టుకొచ్చింది మామ్మ. వాటిలో ఒకటి, వీధిలో శవం ఉంటే అది లేచేదాకా ఎవరింటా పొయ్యి వెలిగించకపోవడం. చచ్చిపోయింది చుట్టమా పక్కమా అని లేదు. మనిషి అక్కడ పడుండగా మనం ఇక్కడ పోపు పెట్టుకోవడం తప్పు, అంతే. చద్దన్నం తినొచ్చు. నీళ్ళు తాగొచ్చు. పొయ్యి మాత్రం ముట్టించకూడదు.

ఊళ్ళో అయితే ఏడాదికి ఒకరో ఇద్దరో పోతారు. యార్డు పక్కన అలా కాదు. మా పెరటి వెనక యార్డు గోడకి ఒక చోట ఇటుకలు ఊడిపోయి మనిషి పట్టేంత సందు ఉండేది. అందులోంచి దూరి పట్టాలన్నీ దాటితే అవతల రోడ్డు, ఆ రోడ్డు మీద ఖరిదా బజారు. చుట్టూ తిరిగి వంతెన మీంచి వెళితే పొద్దు పోతుంది. అందుకని లైనంతా సందులోంచే నడిచేది. ఇంజను వ్యాగన్లని ఒక తోపు తోసి వదిలేస్తే అవి వాటంతటవే దొర్లుకుంటూ వచ్చి ముందున్న వాటికి తగులుకుంటాయి. అప్పుడే ఆ చప్పుడు. దొర్లేటప్పుడు మాత్రం వాటికి కూతా లేదు, పొగా లేదు. పట్టాల మీద సన్నగా ఒక రాపిడి, అంతే. కొత్తవాళ్ళు ప్రతి చిన్నదానికీ అదిరిపడి అటూ ఇటూ చూసుకుని దాటేవాళ్ళు. పాతవాళ్ళకి ఏ చప్పుడూ వినపడేది కాదు. పోయినవాళ్ళలో ఎక్కువమంది పాతవాళ్ళే. బండి కింద పడి పోవడాన్ని అక్కడ "కటైపోవడం" అనేవాళ్ళు, "నిన్న ఇద్దరు కటైపోనారు" అని. బట్ట ముక్క గురించి మాట్లాడుకున్నట్టుండే ఆ మాట ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండేది కాదు, నాకూ ఉండేది కాదు.

అలాంటి చోట మామ్మ కట్టుబాటు నిలవడం కష్టం. తాము కొత్తగా వచ్చినప్పుడు ఎవరు పోయినా లైనంతా పొయ్యిలు ఆర్పేసేవాళ్ళమని మామ్మే చెప్పేది. తర్వాత రాత్రి డ్యూటీ చేసొచ్చిన మగవాళ్ళు ఆకలితో పడుకోవాల్సి వస్తోందని, పిల్లలు ఏడుస్తున్నారని, కొంచెం సడలించుకున్నారు. పోయింది తెలుగువాళ్ళయితేనే ఆర్పుదాం అనుకున్నారు. ఆ తర్వాత మన లైన్ వాళ్ళయితేనే అనుకున్నారు. ఎవరూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు. నాకు ఊహ తెలిసేసరికి ఒక ప్రశ్న మాత్రం స్థిరపడిపోయింది. గోడ అవతల కేకలు వినపడగానే ఎవరో ఒకరు వెళ్ళి చూసొచ్చేవారు. మామ్మ చుట్ట తియ్యకుండానే "మనోలేనా?" అని అడిగేది. కాదంటే బొగ్గు విసిరే విసనకర్ర మళ్ళీ ఆడేది.

పిన్ని కోడలిగా వచ్చింది అప్పుడే. పేరు పైడితల్లి. నిజానికి చిన్నాన్నకి మేనత్త కూతురు, అందుకని మొగుణ్ణి బావా అనే పిలిచేది. సన్నగా, పెద్ద కళ్ళతో ఉండేది. మొదటి రోజుల్లో ఆ మనిషిని చూసి మేం నవ్వని పూట లేదు. వ్యాగన్లు తగులుకున్నప్పుడల్లా ఎగిరిపడేది. ఒకసారి చేతిలో పాలగిన్నె వదిలేసింది. ఇంకోసారి చిన్నాన్నకి వడ్డిస్తూ పులుసు ఆయన ఒళ్ళో పోసింది. కళ్ళ కింద నల్లగా వచ్చేసింది, నిద్ర లేక. ఒకరోజు పెరట్లో కూర్చుని మా ఊరు పోతానని ఏడుస్తుంటే మామ్మ వెళ్ళి తల నిమిరింది. "ఓలమ్మ, దీనికే ఏడుస్తావేటి? ఓపిక పట్టు. నువ్వేటీ సెయ్యక్కర్నేదు. నీ సెవులే నేర్సుకుంటాయి," అంది. మామ్మ చెప్పినట్టే అయింది. ఉగాది వెళ్ళేసరికి పిన్ని వ్యాగన్ల మోతలోనే గుర్రుపెట్టి నిద్రపోయింది. మేమంతా మెచ్చుకున్నాం, చదువు పూర్తయినదాన్ని మెచ్చుకున్నట్టు.

అయితే చెవులు నేర్చుకున్నది మనసు నేర్చుకోలేదు. ఆ వానాకాలం ఒక పొద్దున్న సందు దగ్గర బొగ్గులు ఏరుకునే మనిషి కటైపోయింది. పిన్ని చూడ్డానికి వెళ్ళింది, వద్దన్నా వినలేదు. తిరిగొచ్చి వీధిలో నిలబడింది. మా పొయ్యి అప్పుడే ఎర్రబడింది, అమ్మ దాన్ని లోపలికి తీసుకెళ్ళబోతోంది. పిన్ని చెంబెడు నీళ్ళు తెచ్చి అందులో పోసేసింది. బుస్సుమని ఆవిరి లేచి మా అందరి మొహాలకీ బూడిద కొట్టింది. లైన్లో ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. మామ్మ చుట్ట నోట్లోంచి తీసేసింది. నేను చూడగా ఆవిడ అలా తియ్యడం అదే మొదలు.

"ఏటే, మతిపోనాదేటి నీకు?"

"శవం లేవనేదు అత్తా. గోనె కప్పి ఒగ్గేసినారు. కాళ్ళు బయటికున్నాయి. కాళ్ళకి ఆల్తా ఉన్నాది. పొద్దున్నే ఎట్టుకున్నట్టున్నాది, అలగే ఎర్రగా ఉన్నాది."

ఆల్తా అంటే బెంగాలీ ఆడవాళ్ళు పాదాలకి పెట్టుకునే పారాణి. ఆ మాట చెప్పి పిన్ని అక్కడే పొయ్యి పక్కన చతికిలబడింది. కాసేపటికి చిన్నాన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. ఆయన పని యార్డులోనే, షంటింగ్‌లో, అంటే వ్యాగన్లు తగిలించే చోట. తడిసి నల్లగా ఉన్న పొయ్యిని, బూడిద మొహాలతో ఉన్న మమ్మల్ని చూశాడు.

"ఏటిది? పొయ్యికేటైనాది?"

"సందు కాడ పేణం పోనాది బావా. ఇంకా లేపనేదు."

"తెలుసు. అటునుంచే వచ్చినాను. మనోలు కాదు గదా."

"కాకపోతే?"

"కాకపోతే ఏటేటి? నాను రోజూ సూస్తన్నాను పైడీ. సూసిన పతీసారీ ఆగిపోతే నా డూటీ ఎవులు సేస్తారు? నువ్వు పొయ్యి ఆర్పితే బండాగుతాదా?"

"బండి ఆగదు. నీ డూటీ ఆపమన్నేదు బావా. బువ్వ ఆపినాను, అంతే."

చిన్నాన్న కోపిష్టి. కొడతాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం పీట వాల్చుకుని కూర్చుని చేతులు చూసుకున్నాడు. వాటికి నల్లగా గ్రీజు ఉంది. మామ్మ లోపలికి వెళ్ళి రాత్రి గంజన్నం, ఉల్లిపాయ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "సద్దన్నం తప్పునేదు, తినరా," అంది. సగం తిని కంచం పక్కకి నెట్టాడు. నీళ్ళు తాగి లోపలికి పోయి పడుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది నేను చాలామందికి చెప్పాను, చెప్పిన ప్రతిసారీ నాకే గర్వంగా ఉంటుంది. మళ్ళీ ఒకరు పోయినప్పుడు పిన్నితో పాటు గౌరమ్మత్త కూడా పొయ్యి ఆర్పింది. ఆ తర్వాతిసారి పక్కింటి బీహార్ కాకీ, బెంగాలీ దీదీ. వానలు వెళ్ళేలోపు లైనంతా ఆర్పడం మొదలైంది. దాంతో మగవాళ్ళు ఖాళీ క్యారేజీలు పట్టుకుని డ్యూటీకి వెళ్ళాల్సి వచ్చింది. మధ్యాహ్నం కడుపు కాలితే ఎంతటివాడికైనా న్యాయం గుర్తుకొస్తుంది. వాళ్ళంతా కలిసి యార్డు ఆఫీసు ముందు నిలబడి, శవాన్ని బేగి తీయించండి బాబూ, మా ఇళ్ళల్లో వంటల్లేవు అన్నారు. అంతకు ముందైతే సాయంత్రం దాకా గోనె కింద పడుండే మనిషిని అప్పట్నుంచి గంటలో లేపేశారు. చివరికి ఎవరో ఆఫీసరు జీపులో వచ్చి చూసిపోయాడు. వారం తిరక్కుండా పాత పట్టా ముక్కలు నిలువునా పాతి, అడ్డంగా ఇనప బద్దీలు బోల్టులతో బిగించి సందు మూసేశారు. ఆ రోజు పిన్ని బెల్లం పరమాన్నం వండి లైనంతా పంచింది. నా చిన్నతనంలో మనుషుల మీద నాకు పూర్తిగా నమ్మకం కలిగిన రోజు అది. మళ్ళీ అలాంటిది రాలేదు.

ఆ చలికాలం ఎవరూ పోలేదు. కానీ బజారు దూరమైపోయింది. చింతపండు ఖరిదాలో తెలుగువాళ్ళ కొట్లోనే దొరికేది. వంతెన మీంచి తిరిగి వెళ్ళొచ్చేసరికి పొద్దెక్కిపోయేది. అమ్మ టమాటా వేసి పులుసు పెడితే నాన్న కంచం ముందు కూర్చుని, ఇదేం పులుసు అన్నాడు. అలా నాలుగు రోజులు జరిగింది. ఐదో రోజు నాన్న షెడ్డు నుంచి పెద్ద పానా తెచ్చుకున్నాడు. ఆయన ఫిట్టరు, బోల్టు విప్పడం ఆయనకి చేతిలో పని. చిన్నాన్న బద్దీ పట్టుకున్నాడు. గౌరమ్మత్త మొగుడు ఎవరైనా వస్తారేమోనని కాపలా కాశాడు. కడుపు మాడ్చుకుని మూయించిన సందుని పులుసు కోసం తెరిచారు. తెరిచింది ఒక్క బద్దీయే, వంగి దూరితే మనిషి పడతాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో చింతపండు పులుసు, ఎండు నెత్తళ్ళు. నేను కూడా వేళ్ళు నాక్కుని తిన్నాను.

పిన్ని కొన్నాళ్ళు పట్టుదలగా వంతెన మీంచే తిరిగి వెళ్ళింది. అప్పటికి రాజు పుట్టాడు. పిల్లాణ్ణి చంకనెత్తుకుని, చేతిలో సంచితో ఎండలో అంత దూరం నడవడం నేను చూశాను. ఒకరోజు పెరట్లోంచి చూస్తే పిన్ని బద్దీ కింద వంగి దూరుతోంది. పిల్లాడి తల తగలకుండా చేయి అడ్డం పెట్టుకుంది. అంతే, ఆ తర్వాత అటునుంచే వెళ్ళేది. మళ్ళీ మనుషులు పోవడం మొదలైంది. మొదట్లో పిన్ని పొయ్యి ఆర్పుతూనే వచ్చింది. తర్వాత పిల్లాడి పాల కోసం కాసిని నిప్పులు ఉంచుకునేది. తర్వాత పాలతో పాటు పిల్లాడికి గుప్పెడు బియ్యం ఉడకేసేది. ఉడికే గిన్నెలో ఇంకో గుప్పెడు బియ్యం వేస్తే పోయేదేముంది?

నేను ఆ ఒక్క రోజు కోసం వెతుకుతుంటాను. గోడ అవతల కేకలు వినపడి, పిన్ని పొయ్యి దగ్గర్నుంచి లేవకుండా ఉండిపోయిన మొదటి రోజు కోసం. ఎంత వెతికినా దొరకదు. పరమాన్నం పంచిన రోజు గుర్తుంది, నీళ్ళు పోసిన రోజు ఆవిరి ఇప్పటికీ మొహానికి తగులుతుంది. పోగొట్టుకున్న రోజు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజు ఏమీ జరగలేదు కాబట్టి గుర్తుండే వీలు లేదు. అన్నం ఉడికింది, తిన్నాం, బడికి వెళ్ళాం.

వానాకాలంలో మా పెరటి గోడ మీద నత్తలు పాకేవి. వాటి కొమ్ముల్ని పుల్లతో ముట్టుకుంటే చటుక్కున లోపలికి లాక్కునేవి. మళ్ళీ ముట్టుకుంటే మళ్ళీ లాక్కునేవి, కానీ కొంచెం తీరిగ్గా. అలా ముట్టుకుంటూ పోతే చివరికి కొమ్ములు చాచుకుని నిబ్బరంగా వెళ్ళిపోయేవి. ఎవరి నత్త ముందు అలవాటు పడుతుందో అని మేం పందేలు వేసుకునేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత టీచర్ ట్రైనింగ్‌లో మా మేష్టారు చెప్పారు, ప్రాణి నేర్చుకునే మొట్టమొదటి పాఠం ఇదేనని. ప్రమాదం లేని దాన్ని పట్టించుకోకుండా ఉండటం. ప్రతి వానచుక్కకీ ముడుచుకుంటే నత్త ఆకలితో చస్తుందట. క్లాసులో అందరూ రాసుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ప్రమాదం ఎవరికి లేదో ఆయన చెప్పలేదు. మాకు లేదు, గోనె కింద ఉన్నవాళ్ళకి వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను గానీ, నేర్చుకున్నదాన్ని మరిపించడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు.

నిమ్‌పురా వెళ్ళిన మూడో రోజు పొద్దున్న పిన్ని తనే వంటకి దిగింది, నాకోసం. లక్ష్మిని పక్కకి తప్పుకోమంది. వంకాయలో ఎండు నెత్తళ్ళు వేసి పులుసు పెడతానంది. ఇప్పుడు గ్యాసు పొయ్యి, రెండు మంటలది, గట్టు మీద తళతళలాడుతోంది. వంటింటి తలుపేసుకుంటే ఎవరింట్లో ఏం ఉడుకుతోందో పక్కింటివాళ్ళకి తెలీదు. నేను గట్టుకి చేరబడి, పిన్ని వేళ్ళు వణుకుతూనే చింతపండు పిసకడం చూస్తున్నాను. వెల్లుల్లి వేగుతోంది. ఎంత సంతోషంగా ఉందో ఆ వాసనకి. అంతలో ఎదురింటి సుజాత, గౌరమ్మత్త మనవరాలు, కూరల సంచితో లోపలికొచ్చింది. చెప్పులు విప్పుతూనే చెప్పింది.

"మామ్మా, సందు కాడ ఎవులో కటైపోనాడు. పోలీసులు ఇంకా రానేదు. పక్కనుంచి తప్పుకుని వచ్చినాను."

నేను పిన్ని వైపు చూశాను. పిన్ని చెయ్యి పొయ్యి మీదికి వెళ్ళింది. గ్యాసు నాబ్ పట్టుకుంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఆవిరి మళ్ళీ నా మొహానికి తగలబోతోందనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలీదు, ముసలితనం కాబోలు. పిన్ని మంటని ఆర్పలేదు. సన్నగా చేసింది. సుజాత మాట వినపడ్డానికి.

"మనోలేనా?" అని అడిగింది.

"కాదు మామ్మా. ఎవులో లేబరు. ఫోన్లో మాటాడుకుంటా వచ్చినాడట, వ్యాగన్ సూసుకోనేదట."

"ఓలమ్మ, పాపం," అంది పిన్ని. మంట మళ్ళీ పెంచింది. "కొత్తిమీర తెచ్చినావేటి? రెండు రెమ్మలియ్యి."

సుజాత కట్టలోంచి రెండు రెమ్మలు తీసిచ్చి వెళ్ళిపోయింది. నేను "పిన్నీ, పొయ్యి..." అన్నాను. పిన్ని వంగి మంట చూసింది. "ఏటి, ఎక్కువైనాదా?" అని కొంచెం తగ్గించింది.

ఊరుకోలేక అడిగేశాను. పిన్నీ, నువ్వు కొత్తగా వచ్చినప్పుడు, ఆల్తా పెట్టుకున్న ఆవిడ పోయినప్పుడు, వీధిలో పొయ్యి మీద నీళ్ళు పోశావు, గుర్తుందా అని. పిన్ని గరిటె ఆపి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, దాటవెయ్యడానికి కాదు. "నానా? నేదమ్మా. అయ్యన్నీ మీ మామ్మకి పట్టింపులు. మీ మామ్మే పోసుంటాది. నువ్వు సిన్నదానివి, నీకేటి గురుతు," అంది. చిన్నాన్న ఆకలితో ఇంటికొచ్చాడు, చేతులకి గ్రీజుంది అని చెప్పబోయి మానేశాను. ఏడుపొచ్చింది. పిన్ని ఉల్లిపాయలనుకుంది.

పన్నెండింటికి లక్ష్మి కంచాలు పెట్టింది. పులుసు పిన్ని చేతిదే, ఏమీ మారలేదు. రెండోసారి వడ్డించుకున్నాను. ఆ మనిషి ఇంకా గోడ అవతల ఉన్నాడా లేదా అని లక్ష్మిని అడిగితే, "తెల్దు వదినా, తీసేసుంటారులెండి," అంది. వెళ్ళి చూసొద్దామని లేచి గుమ్మం దాకా వెళ్ళాను. ఎండ చూస్తే కళ్ళు చికిలించుకుపోయాయి. చెప్పులు వేసుకోకుండానే వెనక్కి వచ్చి మంచం మీద వాలాను.

మెలకువ వచ్చేసరికి ఎండ పెరటి గోడ దిగిపోతోంది. లక్ష్మి టీ గ్లాసుతో నిలబడి ఉంది. మధ్యాహ్నమంతా వ్యాగన్లు తగిలించారట, ఇల్లంతా అదిరిందట. నాకు ఒక్క చప్పుడూ వినపడలేదు. పక్క మంచం మీద ఒత్తులు చేసుకుంటున్న పిన్ని నా వైపు తిరిగి బోసినోటితో నవ్వింది. ఎంతో ప్రేమగా, నా చెంప మీద చెయ్యేసి అంది. "సూసినావా అమ్మా, నువ్వేటీ సెయ్యక్కర్నేకపోనాది. నీ సెవులే నేర్సుకున్నాయి."